మీకు తెలుసా? బొగ్గు బిళ్లలో బొగ్గు కాక ఇంకేం ఉంటాయో!

గ్రిల్ మీద చికెన్ కాల్చడానికి సూపర్ మార్కెట్‌లో సంచీల్లో అమ్మే బొగ్గు బిళ్లలు, అదే బ్రికెట్లు, చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అంటించాకే ఒక్కోదాని బండారం బయటపడుతుంది. ఒకటేమో రెండు గంటలు నిలకడగా కాలుతుంది, ఇంకొకటి పొగతో కళ్లు మండిస్తుంది, మరొకటి సగం కాలకుండానే బూడిద కప్పుకుని ఆరిపోతుంది. తేడా అంతా తయారీలోనే ఉంది.

● కనిపెట్టింది ఫోర్డ్ కాదు. హెన్రీ ఫోర్డే బ్రికెట్‌ను కనిపెట్టాడని చాలామంది రాస్తుంటారు. ఎల్స్‌వర్త్ జ్వోయర్ అనే పెన్సిల్వేనియా వాసి 1897లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఫోర్డ్ చేసింది దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మడం. మోడల్ టీ కారుకు కలప బాగా పట్టేది. మిషిగన్ రాష్ట్రం ఐరన్ మౌంటెన్ దగ్గర ఆయన పెట్టిన కోతమిల్లులో చెక్కముక్కలు, రంపపు పొట్టు గుట్టలుగా మిగిలేవి. వాటితో బిళ్లలు చేసే పద్ధతిని ఆరిగన్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ఆరిన్ స్టాఫర్డ్ రూపొందించాడు. ఆ బిళ్లలను కార్ల డీలర్ల దగ్గరే అమ్మేవారు! 1951లో ఆ వ్యాపారం చేతులు మారాక, ఫోర్డ్ బంధువు ఎడ్వర్డ్ కింగ్స్‌ఫర్డ్ పేరుమీద ‘కింగ్స్‌ఫర్డ్’ అయింది.

● బిళ్లను పట్టి ఉంచేది గంజి. బొగ్గుపొడిని ఎంత గట్టిగా నొక్కినా దానంతట అది అతుక్కోదు, మట్టికున్న జిగురు దానికి లేదు. అందుకే పిండిపదార్థం కలుపుతారు. అమెరికాలో మొక్కజొన్న పిండి, చాలా దేశాల్లో కర్రపెండలం పిండి వాడతారు. మన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు వెళ్లేది ఈ కర్రపెండలమే. పిండిని పొడిగా చల్లితే పని జరగదు. చన్నీళ్లలో కలిపి, వేడి చేసి, గరిటెకు తీగలా సాగే చిక్కటి గంజిగా కాచాకే బొగ్గుపొడిలో పోసి కలపాలి. గుప్పెడు తీసి పిడికిలి బిగిస్తే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. 100 కిలోల పొడికి 4 నుంచి 8 కిలోల పిండి చాలు. బిళ్ల విరిగిపోతోందని పిండి పెంచుకుంటూ పోతే ఖర్చుతో పాటు పొగా పెరుగుతుంది. అలాంటప్పుడు పొడిని ఇంకాస్త మెత్తగా ఆడించడమో, ప్రెస్సు ఒత్తిడి పెంచడమో చేయాలి గానీ గంజి మీద పడి లాభం లేదు.

చవకగా వస్తుందని బంకమట్టి కలిపేవాళ్లూ ఉన్నారు. బిళ్ల గట్టిగానే వస్తుంది. కానీ మట్టి మండదు కదా, బరువు పెంచి వేడి తగ్గిస్తుంది. మొలాసిస్ (చెరకు మడ్డి) కలిపితే అంటించగానే వాసన కొడుతుంది.

● బూడిద మరింత తెల్లగా కనబడేది సున్నపురాయి వల్ల. ‘పైన తెల్లటి పూత వచ్చాకే మాంసం పెట్టాలి’ అంటారు కదా. ఆ పూత స్పష్టంగా కనబడాలని కొన్ని కంపెనీలు సున్నపురాయి పొడి కలుపుతాయి. త్వరగా అంటుకోవడానికి సోడియం నైట్రేట్, అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి కాస్త బోరాక్స్ కలిపేవాళ్లున్నారు. కొన్ని అమెరికా బిళ్లల్లో లిగ్నైట్‌ను కాల్చి తీసిన బొగ్గు కూడా ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1860-2 ప్రకారం బ్రికెట్లలో స్థిర కార్బన్ (ఆవిరయ్యేవి, బూడిద పోగా మిగిలే కార్బన్) కనీసం 60 శాతం ఉండాలి, బూడిద 18 శాతం మించకూడదు. బిళ్లగా నొక్కని ముక్కల బొగ్గుకైతే ఈ హద్దులు 75, 8 శాతం. అంటే బిళ్లలకు చాలానే సడలింపు ఇచ్చారు. నన్నడిగితే 18 మరీ ఉదారం.

● ముడిసరుకులో అసలు దొంగ ఇసుక. బట్టీ దగ్గర ఊడ్చి పోగుచేసిన బొగ్గునుసిలో బెరడు, ఇసుక, మట్టి కలిసి ఉంటాయి. జల్లెడ పట్టకుండా వాడితే ఆ మట్టంతా గ్రిల్ అడుగున బూడిదై తేలుతుంది. వరి ఊకతోనూ ఇదే ఇబ్బంది. ఊకలో దాదాపు అయిదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా. బొగ్గుగా మార్చాక ఆ వాటా ఇంకా పెరుగుతుంది. కొబ్బరిచిప్ప దీనికి పూర్తి విరుద్ధం. గట్టిది, బూడిద తక్కువ, ఎక్కువసేపు కాలుతుంది. అయితే నీళ్ల ఫిల్టర్లలోకి వెళ్లే యాక్టివేటెడ్ కార్బన్‌కూ ఆ చిప్పలే కావాలి కాబట్టి చవకగా దొరకవు.

ముడిసరుకుతో పాటు బొగ్గు తీసే తీరూ ముఖ్యమే. మన పల్లెల్లో సర్కారు తుమ్మను మట్టి కప్పి కాల్చే బట్టీల్లో 100 కిలోల ఎండు కర్రకు 15, 20 కిలోల బొగ్గు వస్తే గొప్ప. కర్రలోంచి వెలువడే వాయువులనే మండించి ఆ వేడితోనే కర్రను బొగ్గుగా మాగబెట్టే రిటార్టుల్లో 30 కిలోల దాకా తీయొచ్చు. పొగ కూడా బాగా తగ్గుతుంది.

● జిగురు కలపని బిళ్లలూ ఉన్నాయి. జపాన్‌లో ‘ఒగాతాన్’ అని నడుమ బొక్క ఉన్న కడ్డీలు చేస్తారు. ముందు రంపపు పొట్టును వేడి గొట్టంలో స్క్రూతో నొక్కుతారు. కలపలో సహజంగా ఉండే లిగ్నిన్ మెత్తబడి అదే జిగురవుతుంది. ఆ కడ్డీలను తర్వాత బొగ్గు చేస్తారు. నడిమి బొక్కలోంచి గాలి ఆడుతుంది కాబట్టి లోపలా సమంగా కాలతాయి.

● కాల్చిన రుచి బొగ్గుది కాదు. బాగా మాగిన బొగ్గులో ఆవిరయ్యే పదార్థాలు తక్కువే, అందుకే మంటా పొగా పెద్దగా రావు. మనం ఇష్టపడే ఆ పొగవాసన చాలావరకు నిప్పుల మీద పడి కాలే కొవ్వుది, మసాలా రసానిది. బొగ్గే పొగ వదులుతోందంటే చాలావరకు అది సగమే మాగినదన్నమాట.

● తొందరపడి ఆరబెడితే పగుళ్లు. అచ్చులోంచి వచ్చిన బిళ్ల తడిగా, మెత్తగా ఉంటుంది. దాదాపు 80 డిగ్రీల వేడిలో నెమ్మదిగా ఆరితేనే గంజి గట్టిపడి పట్టు వస్తుంది. వేడి పెంచితే పైపొర ముందే బిగుసుకుని, లోపలి ఆవిరి దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. చిన్న పరీక్ష ఒకటి చేసి చూడొచ్చు. మనిషెత్తు నుంచి సిమెంటు నేల మీద వదిలితే మంచి బిళ్ల అంచు మాత్రం కాస్త చిట్లుతుంది, నాసిరకంది పొడిపొడి అవుతుంది.

● కొత్త బొగ్గు తనంతట తానే రాజుకోగలదు. బట్టీ నుంచి తీసిన తాజా బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ లోలోపల వేడెక్కుతుంది. వెంటనే సంచీల్లో కుక్కి గుట్టగా పేరిస్తే ఆ వేడి బయటికి పోయే దారి లేక నిప్పు పుడుతుంది. అందుకే బొగ్గును కనీసం ఒక రోజు గాలికి ఆరనిచ్చాకే పొడి కొట్టడమైనా, మూట కట్టడమైనా. ఓడల్లో ప్రమాదకర సరుకుల రవాణాకు ఉన్న అంతర్జాతీయ నిబంధనలు కూడా బొగ్గును, తనంతట తాను మండే పదార్థాలుండే 4.2 తరగతిలోనే చేర్చాయి.