ముసుగు ముందు ఎవరు తీయాలి?

రసాయన దాడిని ఎదుర్కొనే శిక్షణలో ఒక యువ జవాను అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. 'గ్యాస్' అన్న కేక వినగానే అందరం ముసుగులు తగిలించుకున్నాం. గంట గడిచింది. లోపల చెమట ధారగా కారుతోంది. అప్పుడతను 'సాబ్, ముందు ఎవరు తీయాలి?' అన్నాడు. అందరూ నవ్వారు గానీ అది నవ్వులాట ప్రశ్న కాదు. వాయువును గుర్తించే పరికరం అందుబాటులో లేకపోతే ఒకరిద్దరితో కొద్దిసేపు ముసుగు తీయించాలి. వాళ్లకు విష లక్షణాలేవీ కనిపించకపోతేనే మిగతావారికి అనుమతి ఇవ్వాలి. అమెరికా సైనిక నియమావళిలోనూ ఉన్న పద్ధతి ఇది. అంటే ఆఖరికి మనిషే సెన్సర్!

భారత జవానుకు ఈ ముప్పు కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 26న బెల్జియంలోని ఈప్ర్ వద్ద లాహోర్ డివిజన్ సైనికులు సరైన ముసుగులు లేకుండానే జర్మన్ల విషవాయువును ఎదుర్కొన్నారు. ఆనాటి సాహసానికి జమేదార్ మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ దక్కింది. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో చేరిన భారత్ తన నిల్వలను 2009లో పూర్తిగా ధ్వంసం చేసింది. కానీ 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ వదిలింది ఏ దేశ సైన్యమూ కాదు, ఒక మత ముఠా. అలాంటివారిని ఒప్పందాలు ఆపలేవు.

ముసుగు ఊపిరిని కాపాడుతుంది గానీ బయటి గాలి సంగతి చెప్పదు. ఆ చెప్పే పనిని బట్టకే అప్పగించాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. ప్లాస్టిక్ గుండా విద్యుత్తు ప్రవహించదని బడిలో చదువుకున్నాం. కొన్ని పాలిమర్లు విద్యుత్తును మోయగలవని 1977లో హీగర్, మెక్‌డైర్మిడ్, షిరకావా చూపించారు. 2000లో వారికి నోబెల్ వచ్చింది. ఈ కోవలోదే పాలీఅనిలిన్. ఆమ్లంతో కలిసి ఉన్నప్పుడు ఇది ముదురు ఆకుపచ్చగా ఉండి విద్యుత్తును మోస్తుంది. అమ్మోనియా తగిలితే ప్రోటాన్లను కోల్పోయి నీలానికి మళ్లుతుంది, విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఆ మార్పును చిన్న బ్యాటరీతో నడిచే మీటరు పసిగడుతుంది.

అయితే పాలీఅనిలిన్ ఒక్కటే అయితే పెళుసు. మందంగా పూస్తే వాయువు పైపొరకే తగులుతుంది. ఇక్కడే ఎలక్ట్రోస్పిన్నింగ్ అక్కరకొస్తుంది. సిరంజిలో పాలిమర్ ద్రావణం నింపి, సూదికి వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. సూది కొన నుంచి ఎగిరే సన్నని ధార గాలిలోనే ఆరిపోయి, ఎదురుగా ఉన్న పలకపై పోగులుగా పడుతుంది. చూడటానికి పీచుమిఠాయిలా ఉండే పలుచని చాప తయారవుతుంది. ఒక్కో పోగు వెంట్రుకలో వందో వంతు కన్నా సన్నం. సోవియట్ శాస్త్రవేత్తలు 1930ల చివర్లోనే ఇలాంటి పోగులతో ముసుగులకు వడపోత గుడ్డ తయారుచేశారు. ఇప్పుడు ఆ చాపను అనిలిన్ ఉన్న ఆమ్ల ద్రావణంలో ముంచి, ఆక్సీకరణ రసాయనం కలిపితే ప్రతి పోగు చుట్టూ పాలీఅనిలిన్ పూత పెరుగుతుంది. చాప గుండా గాలి దూరుతుంది కాబట్టి స్పందన వేగంగా ఉంటుంది. పైగా అది బట్టలా వంగుతుంది.

ప్రయోగశాలలో బాగానే ఉంది, మరి యుద్ధక్షేత్రంలో? తేమకూ ఈ పూత స్పందిస్తుంది. పదేపదే మడిస్తే పగుళ్లిస్తుంది. దాడి తర్వాత విషాన్ని కడిగేందుకు వాడే క్షార ద్రావణాలు తగిలినా నీలానికి మారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మోనియాను పట్టినంత సులువుగా ఇది సారిన్‌ను పట్టలేదు. మూడుసార్లు అబద్ధపు హెచ్చరిక ఇచ్చిన పరికరాన్ని నాలుగోసారి ఏ జవానూ నమ్మడు. ఆ నాలుగోసారి నిజమైన దాడే కావచ్చు.

అందుకే తొందరపడి యూనిఫామ్‌లోకి ఎక్కించవద్దు, అలాగని పరిశోధన పత్రాలకే వదిలేయవద్దు. వాయువు ఏదో ముందే తెలిసిన చోట మొదలుపెట్టాలి. కోస్తాంధ్ర రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో, శీతల గిడ్డంగుల్లో చల్లదనం కోసం వాడేది అమ్మోనియానే. అది లీకైతే ముందు బలయ్యేది కూలీలే. వారి చొక్కా జేబుపై ఈ చాప ముక్క నెలల తరబడి చెమటను, ఉతుకుడును తట్టుకుని నిలిస్తే అప్పుడు సైన్యం దాకా రావచ్చు. డీఆర్‌డీవోకు రసాయన రక్షణ కోసం గ్వాలియర్‌లో, సైనిక వస్త్రాలు, పాలిమర్ల కోసం కాన్పూర్‌లో ప్రయోగశాలలు ఉన్నాయి. సారిన్ వంటి వాటిని పట్టగల పూతలపై అవి కలిసి పనిచేయాలి. జైసల్మేర్ ఎండలో, తూర్పు తీరపు ఉక్కలో, లద్దాఖ్ చలిలో పరీక్షలు జరగాలి. తొడుక్కోవాల్సిన జవాన్లను మొదటి నమూనా నుంచే కూర్చోబెట్టుకోవాలి.

ఆ రోజు ఆ కుర్రాడికి 'ముందు నేనే తీస్తాను' అని చెప్పాను. అధికారిగా చెప్పవలసిన జవాబు అదే. కానీ అది దేశం ఇవ్వవలసిన జవాబు కాదు. ముసుగు తీయవచ్చో లేదో మనిషి ఊపిరి కాకుండా ఒక గుడ్డముక్క చెప్పే రోజు రావాలి.

- రచయిత విశ్రాంత సైనికాధికారి