ఓల్టేజీ పడిపోతే మోటారు ఎందుకు కాలుతుంది?

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరికోతలై, కాలవలు కట్టేశాక, చుండూరు చుట్టుపక్కల రెండో పైరుగా వేసిన మొక్కజొన్న, జొన్నలకు చాలాచోట్ల మోటారు నీళ్లే దిక్కు. త్రీఫేజు కరెంటు వచ్చే వేళకు అందరూ ఒక్కసారే స్విచ్చి వేస్తారు. లైను చివరి పొలంలో ఓల్టేజీ పడిపోతుంది, వైండింగ్ మాడుతుంది. ఓల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గాలి కదా, తక్కువ కరెంటుకు మోటారెలా కాలుతుందన్నది న్యాయమైన సందేహం. 1827లో ఓమ్ ప్రకటించిన నియమం ఆ మాటే చెబుతున్నట్టుంటుంది.

హీటరు విషయంలో ఆ లెక్క అక్షరాలా నిజం. 230 ఓల్టుల దగ్గర 4.35 ఆంపియర్లు తీసుకునే హీటరుంది అనుకుందాం. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే పవరు 1000 వాట్లు, భాగిస్తే నిరోధం 53 ఓమ్‌లు. ఓల్టేజీ 180కి దిగితే కరెంటు 3.4 ఆంపియర్లకు, పవరు సుమారు 610 వాట్లకు తగ్గుతాయి. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే.

మోటారు అలా ఊరుకోదు. అది తిరుగుతున్నప్పుడు వైండింగ్‌లో ఎదురు ఓల్టేజీ పుట్టి కరెంటును అడ్డుకుంటుంది. అందుకే నడుస్తున్న మోటారులో ఓల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చే ఓమ్‌లు, ఆపి మల్టీమీటరుతో కొలిచిన రాగితీగ నిరోధం కన్నా చాలా ఎక్కువ. రోటరు పట్టేసిందా, కరెంటు ఐదారు రెట్లకు ఎగబాకుతుంది. ఓమ్ నియమం తప్పలేదు. భాగహారంలో వచ్చినదంతా తీగ నిరోధమే అనుకోవడం తప్పు. పవరులో కూడా పవర్ ఫ్యాక్టర్‌ను కలిపి గుణించాలి. 5 హార్స్‌పవర్ మోటారు సామర్థ్యం 80 శాతం అనుకుంటే సుమారు 4,660 వాట్లు లాగుతుంది. 415 ఓల్టులు, 0.8 పవర్ ఫ్యాక్టర్ ఉంటే ఫేజుకు 8 ఆంపియర్లు. ఓల్టేజీ 330కి పడితే అదే పని చేయడానికి 10 దాటాలి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక వైండింగ్‌లో అది ఒకటిన్నర రెట్లు మించుతుంది.

ఓల్టేజీ తగ్గితే పంపు కూడా నెమ్మదిస్తుంది, భారం తగ్గుతుంది కదా అనవచ్చు. నెమ్మదిస్తుంది, కానీ ఇండక్షన్ మోటారు వేగం ఓల్టేజీతో సమంగా పడిపోదు, స్వల్పంగానే తగ్గుతుంది. ఆ కాస్త తగ్గుదల వైండింగ్‌ను కాపాడదు.

2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, ఈ లెక్కలెందుకన్నది మరో ప్రశ్న. కాలిన వైండింగ్ ఉచితం కాదు. పైగా 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ 300 మీటర్లు లాగితే ఒక్కో ఫేజుకు 2.1 ఓమ్‌ల నిరోధం. 8 ఆంపియర్ల దగ్గర మూడు తీగల్లో కలిపి సుమారు 400 వాట్లు, 10 దగ్గర 630 వాట్లు నీరు తోడకుండానే వేడైపోతాయి. ఉచిత విద్యుత్ షరతుల్లో చేర్చిన కెపాసిటరు ఇక్కడే ఉపయోగపడుతుంది. మోటారు లోపలి కరెంటును అది నేరుగా తగ్గించదు. లైను మీది కరెంటును తగ్గించి, ఓల్టేజీని కాస్త నిలబెడుతుంది. ఆ మేలు పక్క రైతుకూ అందుతుంది.

ఫీజు తరచూ పోతోందని లావు తీగ చుట్టకండి. ఓవర్‌లోడ్ రిలేను మోటారు పలక మీదున్న ఆంపియర్ల దగ్గరే ఉంచండి. స్టార్టర్ డబ్బాలో ఓల్టు మీటరు చూశాక, ఆంపియర్ మీటరు కూడా చూసి వెళ్లండి.