ఇరవై రెండేళ్ళ అజ్ఞాతవాసం: ఒక వీడియో ఆట కథ

అచ్చయిన పుస్తకాన్ని చదివే పాఠకునికి దాని చిత్తుప్రతులు కనబడవు. కొట్టివేతలు, దిద్దుబాట్లు, వదిలివేసిన అధ్యాయాలు రచయిత బల్ల సొరుగులోనే ఉండిపోతాయి. వీడియో ఆటల విషయమూ అంతే. అంగడికి వచ్చే ఆటకు ముందు అనేక అసంపూర్ణ ప్రతులు తయారవుతాయి. వాటిలో అధికభాగం తయారీ సంస్థ గడప దాటవు. ఎప్పుడైనా అటువంటి ప్రతి బయటపడి, దానిని ఆడే అవకాశం లభిస్తే, ఆట ఏ విధంగా రూపుదిద్దుకొంటుందో తెలుస్తుంది. ఎంత సులువుగా అదృశ్యం కాగలదో కూడా తెలుస్తుంది. ఇందుకు ‘స్టార్ ఫాక్స్ 2’ చక్కని ఉదాహరణ.

1990 దశకంలో విదేశాలలో పెరిగిన తెలుగు పిల్లలలో సూపర్ నింటెండో యంత్రాన్ని ఎరిగినవారు ఎందరో ఉన్నారు. 1991లో అమెరికాలో విడుదలైన ఈ యంత్రం చదునైన బొమ్మలను చకచకా కదిలించడంలో దిట్ట. లోతు గల త్రిపరిమాణ దృశ్యాలను గీయడానికి కావలసిన లెక్కలు మాత్రం దానికి తలకు మించిన భారం. దాని ప్రధాన ప్రాసెసర్ వేగం గరిష్ఠంగా 3.58 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఈ లోటును పూరించడానికి బ్రిటన్‌కు చెందిన ఆర్గొనాట్ సంస్థ ‘సూపర్ ఎఫ్ఎక్స్’ అనే చిప్‌ను రూపొందించింది. దానిని యంత్రంలో కాక, ఆట క్యార్ట్రిడ్జ్‌లోనే అమర్చారు. అంతరిక్ష నౌకలకు, కట్టడాలకు రూపమిచ్చే త్రిభుజాలు, చతుర్భుజాలు మొదలైన బహుభుజులను లెక్కగట్టి గీయడం ఈ చిప్ పని. దీని తోడ్పాటుతో 1993లో వెలువడిన ఆటే ‘స్టార్ ఫాక్స్’.

దాని విజయం చూసి నింటెండో రెండవ భాగాన్ని తలపెట్టింది. ప్రధాన ప్రోగ్రామర్ డైలన్ కత్‌బర్ట్. చిప్ వేగం ఈసారి సుమారు 21 మెగాహెర్ట్జ్‌కు పెరిగింది. మొదటి ఆటలో నౌక నిర్ణీత మార్గంలో ముందుకు సాగిపోతుంది. రెండవ ఆటలో ఆటగాడు పటం మీద తన దారిని తానే ఎంచుకోవాలి. అతడు కదిలినంతసేపూ శత్రువుల నౌకలు, క్షిపణులు కూడా కదులుతూ కార్నీరియా గ్రహాన్ని సమీపిస్తాయి. ఒకచోట పోరాడుతూ ఆలస్యం చేస్తే మరొకచోట కాపాడవలసిన గ్రహం దెబ్బతింటుంది. నౌక కాళ్ళు గల నడిచే యంత్రంగా మారే ఏర్పాటు కూడా ఇందులో ఉంది.

1995 జనవరిలో లాస్‌వేగాస్ ప్రదర్శనలో ఈ ఆటను చూపారు. తయారీ పూర్తయింది. దోషపరీక్షలు కూడా ముగిశాయి. అయినా అది విడుదల కాలేదు. అప్పటికే సోనీ ప్లేస్టేషన్, సేగా శాటర్న్ యంత్రాలు మరింత నునుపైన త్రిపరిమాణ దృశ్యాలను చూపుతున్నాయి. నింటెండో తన సొంత కొత్త యంత్రమైన నింటెండో 64ను సిద్ధం చేస్తోంది. పాత యంత్రపు త్రిపరిమాణ ఆటను ఆ దశలో విడుదల చేస్తే పోలికలో వెలవెలబోతుందని భావించి, సంస్థ దానిని పక్కన పెట్టింది.

ఏళ్ళ తరువాత ఈ ఆట పరీక్షాప్రతులు కొన్ని కంప్యూటర్ ఫైళ్ళ రూపంలో అభిమానుల చేతికి చేరాయి. పాత యంత్రం ప్రవర్తనను అనుకరించే ‘ఎమ్యులేటర్’ అనే ప్రోగ్రాం ద్వారా వాటిని ఆడగలిగారు. తొలిదశ ప్రతిలో ఇద్దరు ఆటగాళ్ళు ఎదురెదురుగా తలపడే పద్ధతి ఉంది. తుదిప్రతిలో అది లేదు. ఒక్కొక్క ప్రతిని పక్కపక్కన పెట్టి ఆడిచూసినవారికి, ఏది చేర్చారో, ఏది తొలగించారో, నిర్మాతలు ఎక్కడ మనసు మార్చుకొన్నారో బోధపడుతుంది. పాఠభేదాలను పోల్చి కావ్యాన్ని పరిష్కరించే పండితుని పని వంటిదే ఇది.

ఇట్టి ప్రతులు దీర్ఘకాలం నిలవడం సులభం కాదు. అమ్మకానికి వచ్చే క్యార్ట్రిడ్జ్‌లోని ప్రోగ్రాం కర్మాగారంలోనే చిప్‌లో శాశ్వతంగా ముద్రితమవుతుంది. పరీక్షాప్రతులకు మాత్రం మాటిమాటికీ చెరిపి రాయగల ‘ఈప్రామ్’ చిప్‌లను వాడేవారు. వాటి పైభాగాన చిన్న గాజుకిటికీ ఉంటుంది. దాని గుండా అతినీలలోహిత కిరణాలు పడితే ఉన్నదంతా చెరిగిపోతుంది. అందుకే కిటికీపై కాగితం అతికిస్తారు. అయినా ప్రమాదం తప్పదు. ఈ చిప్‌లో సమాచారం విద్యుదావేశ రూపంలో ఉంటుంది. ఆ ఆవేశం దశాబ్దాలు గడిచేకొద్దీ మెల్లమెల్లగా కారిపోతుంది. ఒక్క అంకె మారినా ఆట ఆగిపోవచ్చు. తాటాకు శిథిలం కాకమునుపే మరొక ప్రతి రాయించినట్లు, చిప్ మరచిపోకమునుపే అందులోని సమాచారాన్ని చదివి భద్రపరచాలి.

స్టార్ ఫాక్స్ 2 అదృష్టం మంచిది. 2017 సెప్టెంబరులో నింటెండో విడుదల చేసిన చిన్న యంత్రంలో, 21 ఆటలలో ఒకటిగా, దాని తుదిప్రతి మొదటిసారి అధికారికంగా వెలువడింది. మొదటి స్టార్ ఫాక్స్‌లో తొలి ఘట్టం గెలిస్తేనే అది తెరుచుకొంటుంది. బాల్యంలో మొదటి భాగం ఆడినవారిలో కొందరు రెండవ భాగాన్ని తమ పిల్లల పక్కన కూర్చుని ఆడారు. పక్కన పెట్టినంత మాత్రాన ఆ ఆటలోని ఆలోచనలూ వృథా కాలేదు. నలుదిశలా తిరుగుతూ పోరాడే పద్ధతి 1997లో ‘స్టార్ ఫాక్స్ 64’లోను, పటం మీద వ్యూహం పన్నే పద్ధతి 2006లో ‘స్టార్ ఫాక్స్ కమాండ్’లోను కనిపించాయి.

అన్ని ఆటలకూ ఈ భాగ్యం లేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత ఆటలలో 87 శాతం వ్యాపారరీత్యా లభ్యం కావడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనంలో తేలింది. విడుదలైన ఆటల గతే ఇది అయితే, విడుదల కానివాటి సంగతి చెప్పనక్కరలేదు. సంస్థల హక్కులను మన్నించడం ఎంత న్యాయమో, ఆ కృషి రూపుమాయకుండా చూడడమూ అంత అవసరం. ఈ రెండింటి మధ్య సమన్వయం ఇంకా కుదరలేదు.

నేడు పాఠశాలల్లోనూ ఇళ్ళలోనూ పిల్లలు సొంతంగా చిన్న చిన్న ఆటలు తయారు చేస్తున్నారు. నచ్చలేదని, సగంలో ఆగిందని చెరిపివేయకుండా, ప్రతి దశకూ తేదీ వేసి ఒక ప్రతి దాచుకోమని పెద్దలు చెప్పడం మంచిది. పూర్తికాని పని కూడా, దానిని చేసినవారి ఆలోచనకు సాక్ష్యమే.