చప్పుడు లేని పిస్తోలు లేదు

1757 జనవరి 24న తెల్లవారుతుండగానే బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మోగాయి. ఉత్తరాంధ్రలో ఆ కథ తెలియనివాళ్ళు లేరు కాబట్టి మళ్ళీ చెప్పను. కోట పడ్డాక మూడో రాత్రి జరిగిన సంగతి ఒక్కటే ఇక్కడ కావాలి. బుస్సీ పక్షాన నిలిచిన విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు డేరాలో నిద్రపోతున్నప్పుడు బొబ్బిలివాళ్ళు లోపలికి దూరి పొడిచి చంపారు. ఆ పని బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడిదని జనం చెప్పుకుంటారు. రాజు ఒంటి మీద 32 గాయాలున్నాయని ఆ కాలపు ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. తుపాకులూ పిస్తోళ్ళూ అప్పటికే ఉన్నాయి. అయినా బాకే ఎందుకు పట్టుకెళ్ళారో ఊహించడం కష్టం కాదు. ఒక్కసారి పేలిస్తే దండు దండంతా లేచి కూర్చుంటుంది.

చప్పుడు చెయ్యని తుపాకి కావాలన్న కోరిక మనిషికి ఎప్పటినుంచి ఉందో గానీ, దానికో పరికరం బజారులోకి వచ్చింది మాత్రం బొబ్బిలి యుద్ధం తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి. 1909లో హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే అమెరికన్ ఇంజనీరు దానికి పేటెంట్ పుచ్చుకుని ‘సైలెన్సర్’ అని పేరు పెట్టాడు. అతని తండ్రి హైరమ్ మాక్సిమ్ 1884లో మెషిన్ గన్ను తయారు చేసినవాడు. ఆ మోతలో ఏళ్ళ తరబడి పనిచేసి, వయసు మీద పడేసరికి బాగా చెవిటివాడైపోయాడు. తండ్రి మోత పెంచితే కొడుకు దాన్ని తగ్గించడానికి కూర్చున్నాడన్నమాట. ఇదే సూత్రాన్ని కొడుకు ఇంజన్ల పొగగొట్టాలకూ వాడాడు. మన వీధుల్లో బుల్లెట్ బండికి బిగించి ఉండే సైలెన్సరూ, సినిమాలో విలన్ పిస్తోలు మూతికి తిప్పి బిగించేదీ ఒక కుటుంబం వస్తువులే. బండిది తీసేసి ఊరంతా మోత మోగించేవాళ్ళ మీద పోలీసులు కేసులు పెడతారు, పిస్తోలుకు తగిలించినవాణ్ణి జైలుకు పంపుతారు. చట్టం సంగతి తర్వాత. ముందు చప్పుడు సంగతి చూద్దాం.

తుపాకి పేలినప్పుడు మన చెవికి ఒకటే శబ్దంలా వినిపించేది నిజానికి మూడు శబ్దాలు కలిసినది. మొదటిది మూతి దగ్గర పుడుతుంది. తూటా లోపలి మందు మండి క్షణంలో వేడి వాయువుగా మారుతుంది. ఆ వాయువు గుండును గొట్టంలో ముందుకు నెట్టుకుంటూ వస్తుంది. గుండు మూతి దాటగానే, వెనక అణిగి ఉన్న వాయువుకు దారి తెరుచుకుంటుంది. మామూలు వాతావరణ పీడనానికి ఎన్నో పదుల రెట్లున్న వాయువు ఒక్కసారి బయటి గాలిని గుద్దుతుంది. ఆ గుద్దే ‘ఢాం’. సైలెన్సర్ చేసేదల్లా ఆ వాయువును తిన్నగా బయటికి పోనివ్వకుండా గదులలో తిప్పి, వ్యాకోచింపజేసి, కాస్త చల్లార్చి, నెమ్మదిగా విడవడం. వాయువు మాయమైపోదు, ఆలస్యంగా వస్తుంది అంతే.

రెండో శబ్దం గుండుది. గాలిలో ధ్వని కన్నా వేగంగా పోయే ఏ వస్తువైనా తన వెనక శంకువు ఆకారంలో ఆఘాత తరంగాన్ని ఈడ్చుకుపోతుంది. అది మన పక్కనుంచి వెళ్ళినప్పుడు కొరడా ఝళిపించినట్టు ‘ఠప్’ మంటుంది. ఇది మూతి దగ్గర కాదు, గుండు పోయే దారి పొడుగునా పుడుతూనే ఉంటుంది. కాబట్టి మూతికి ఏది తగిలించినా దీన్ని ఆపలేదు. పెద్దపులుల వేటకు పేరుమోసిన విజయనగరం మహారాజ్ కుమార్, అదే 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజ్జీ, కాలంలో వాడుకలో ఉన్న వేట రైఫిళ్ళలో చాలావాటి గుండ్లు ధ్వని కన్నా రెట్టింపు వేగంతో పోయేవి. అలాంటి రైఫిల్ పేలితే అడవిలో దూరంగా ఉన్నవాడికి ముందు ‘ఠప్’, తర్వాత ‘ఢాం’ విడివిడిగా వినిపిస్తాయి. ఆ రెంటి మధ్య ఎడాన్ని బట్టి కాల్చినవాడు ఎంత దూరంలో ఉన్నాడో సైనికులు లెక్కగడతారు.

చిన్న క్యాలిబర్ పిస్తోళ్ళ ప్రత్యేకత ఇక్కడే తెలుస్తుంది. క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసం. జాన్ బ్రౌనింగ్ రూపొందించి, బెల్జియం ఎఫ్‌ఎన్ కంపెనీ 1899లో మొదలుపెట్టి అమ్మిన .32 పిస్తోలు గుండు బరువు నాలుగున్నర గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు దాదాపు 280 మీటర్లు. ధ్వని వేగం కన్నా తక్కువే. అంటే దీని గుండుకు రెండో శబ్దం లేదు. అదే రోజుల్లో వచ్చిన మౌజర్ పిస్తోలు గుండు సెకనుకు 400 మీటర్లు దాటేది, అది ధ్వని వేగాన్ని మించి పోతున్నంతసేపూ ‘ఠప్’ అంటూనే ఉంటుంది. 1914లో కలకత్తాలో రోడా అనే తుపాకుల కంపెనీ సరుకు నుంచి విప్లవకారులు ఎత్తుకుపోయిన 50 పిస్తోళ్ళు ఆ రకానివే.

.22 తూటా ఈ రెంటికీ మధ్యలో, సరిగ్గా గోడ మీద కూర్చుంటుంది. దాని మామూలు రకం వేగం ధ్వని వేగానికి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ధ్వని వేగమేమో గాలి వేడిని బట్టి మారుతుంది. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ఆపైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున సీతంపేట ఏజెన్సీలో ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు దిగిందనుకుందాం. అక్కడ ధ్వని వేగం 338 మీటర్లు. మే నెల మధ్యాహ్నం విజయనగరంలో 40 డిగ్రీలుంటే 355 మీటర్లు. సెకనుకు 345 మీటర్ల వేగంతో పోయే గుండు సీతంపేట చలిలో ‘ఠప్’ మంటుంది, విజయనగరం ఎండలో అనదు. ఎండకు తూటాలోని మందు కూడా కొంచెం చురుగ్గా మండుతుంది కాబట్టి అసలు లెక్క ఇంత శుభ్రంగా ఉండదు గానీ, విషయం ఇదే.

మూడో శబ్దం యంత్రానిది. పిస్తోలు పేలగానే పైనున్న స్లైడు వెనక్కి పోయి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, మళ్ళీ ముందుకు వచ్చి ఠక్కున కొట్టుకుంటుంది. ఇనుము మీద ఇనుము పడే ఈ చప్పుడు మూతి మోతలో కలిసిపోయి మనకు తెలియదు, ఆ మోత తగ్గిస్తే బయటపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రహస్య దళం వాడిన వెల్‌రాడ్ అనే .32 పిస్తోలుకు అసలు స్లైడే పెట్టలేదు. ప్రతి తూటాకూ చేత్తో వెనక్కి లాగి నెట్టాల్సిందే. నిశ్శబ్దం కోసం వేగాన్ని వదులుకున్నారు.

మూడింటినీ దాటుకొచ్చినా మిగిలేది ఎంత? చిన్న పిస్తోలు మోత కూడా మూతి దగ్గర 150 డెసిబెళ్ళ పైమాటే. మంచి సైలెన్సర్ 20 నుంచి 35 డెసిబెళ్ళు తగ్గిస్తుంది. డెసిబెల్ లెక్కలో 20 తగ్గడమంటే శబ్ద పీడనం పదో వంతుకు పడిపోవడం, కాబట్టి ఇది చిన్న తగ్గుదల కాదు. అయినా మిగిలేది 115, 130 డెసిబెళ్ళ మధ్య. మన దేశంలో టపాకాయ మోత పేలిన చోటుకు 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళు మించకూడదని 1999 నుంచి నిబంధన ఉంది. కొలిచే పద్ధతులు వేరు కనుక రెంటినీ సూటిగా పోల్చకూడదు గానీ, పైడితల్లమ్మ పండగ నాడు పేలే టపాకాయను ఎవరూ నిశ్శబ్దం అనరు కదా. సినిమాలో వినిపించే ఆ ‘ఫుట్’ శబ్దం రికార్డింగ్ థియేటర్లో పుట్టింది. రివాల్వర్‌కు సైలెన్సర్ బిగించిన సీన్లు ఇంకా వింత. రివాల్వర్‌లో తూటాలుండే సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది, వాయువు అక్కడినుంచే బయటికి చిమ్ముతుంది. మూతి మూసి లాభమేమిటి? పేల్చేముందు సిలిండర్ ముందుకు జరిగి ఆ సందును మూసేసే రివాల్వర్లలో పేరున్నది ఒక్కటే, 1895 నాటి రష్యా నాగాంత్. జేమ్స్ బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్ మాత్రం ఈ విషయంలో నిజాయితీగా ఉన్నాడు. సైలెన్సర్ బట్టల్లో ఇరుక్కోవడం వల్లనే బాండ్ చావుదాకా వెళ్ళాడని రాసి, తర్వాతి నవలలో ఆ బెరెట్టా మాన్పించి .32 వాల్తర్ ఇప్పించాడు.

మరి నార్వే, ఫిన్లాండ్ దేశాల్లో వేటగాళ్ళు దీన్ని ఎందుకు వాడతారంటే, చెవి కోసం. క్షణకాలపు శబ్దమైనా 140 డెసిబెళ్ళు దాటితే లోపలి చెవిలోని సన్నని రోమకణాలు చచ్చిపోతాయి, అవి మళ్ళీ మొలవవు. పెద్ద మాక్సిమ్‌కు జరిగింది అదే.

మన దేశంలో ఆ దారి లేదు. 1959 ఆయుధ చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే, మోతనూ మెరుపునూ తగ్గించే పరికరం కూడా ‘తుపాకి’ కిందికే వస్తుంది. ఆ గొట్టం ముక్క ఒక్కటి దొరికినా తుపాకి దొరికినట్టే. పైగా ఆయుధ నిబంధనలు దాన్ని మామూలు పౌరుడికి లైసెన్సు దొరకని మొదటి కోవలో పెట్టాయి. కొందరికి ఇది అతిగా తోచవచ్చు. నాకు తోచదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చిన తుపాకికి కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు, ఆ తర్వాత శ్రీకాకుళం గిరిజనుల పోరాటం ఏ మలుపు తిరిగిందో అందరికీ తెలుసు. ఎవరింట్లో తుపాకి ఉంది, అది పేలితే ఎవరికి వినిపిస్తుంది అన్నవి ఈ ప్రాంతంలో ఊసుపోక అడిగే ప్రశ్నలు కావు.

ఆ ఆయుధ నిబంధనలే ఇంకో పని కూడా చేశాయి. సైన్యం వాడే .303, 9 మి.మీ., .380, .455 లాంటి కొలతలను పౌరులకు దూరంగా పెట్టాయి. దాంతో మన ఇళ్ళలో మిగిలిన పిస్తోళ్ళు ఎక్కువగా .32, .25, .22 లాంటి చిన్నవే. కాన్పూరు కర్మాగారం ఇప్పటికీ .32 రివాల్వర్లు చేస్తోందంటే కారణం ఇదే. 1980ల మధ్యలో దిగుమతులు ఆగిపోయాక, తాతల నాటి వెబ్లీ స్కాట్‌కూ కోల్ట్‌కూ ధర పెరిగింది. చరిత్రలోనూ ఈ చిన్నవాటికి చోటు తక్కువేం కాదు. చంద్రశేఖర్ ఆజాద్ 1931 ఫిబ్రవరి 27న ఆఖరి ఘడియ దాకా పట్టుకున్నది .32 కోల్ట్, ఇప్పుడు అలహాబాద్ మ్యూజియంలో ఉంది. పోలీసు అధికారి సాండర్స్ మీద భగత్ సింగ్ పేల్చినది కూడా .32 కోల్టే.

అలాంటిదేదైనా ఇంట్లో లైసెన్సుతో ఉంటే, దానికి శత్రువు మన సముద్రపు గాలి. కళింగపట్నం, భావనపాడు వైపు గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం దాటుతుంది, ఉప్పు సరేసరి. పాత పిస్తోలుకు బయటి ఉప్పు చాలదన్నట్టు లోపలా ఉప్పు ఉంటుంది. 1920ల చివరిదాకా, కొన్ని రకాల్లో ఆ తర్వాత కూడా, తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలాక పొటాషియం క్లోరైడుగా మారి గొట్టం గోడలకు పట్టుకుంటుంది. వంటింటి ఉప్పు వానాకాలంలో ఎలా చెమ్మగిల్లుతుందో ఇదీ అంతే, గాలిలో తేమను లాక్కుని ఇనుమును గుంటలు పడేలా తింటుంది. ఎంత నూనె రాసినా పోదు, ఎందుకంటే ఉప్పు నూనెలో కరగదు. ముందు వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించాలి. పాతకాలపు సిపాయిలు మరిగే నీళ్ళు గొట్టంలో పోసేది అందుకే.

పైనున్న నల్లని నీలిరంగు పూత కూడా ఒకరకం తుప్పే. కాకపోతే పద్ధతిగా పట్టించిన పల్చని ఐరన్ ఆక్సైడ్, మామూలు ఎర్రతుప్పులా పొరలుగా రాలిపోకుండా ఇనుమును అంటిపెట్టుకుని ఉంటుంది. ఇత్తడి బిందెలు తోమినట్టు దాన్ని చింతపండు పెట్టి తళతళలాడించారా, వందేళ్ళ పూతా పోతుంది, వస్తువు విలువా పోతుంది. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచడమూ మంచిది కాదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చెయ్యడానికి వాడిన ఆమ్లాలు ఇనుముకు తగులుతాయి.

పేల్చే వీలు ఏ మరమ్మతుతోనూ రాని పురాతన తుపాకులకు ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ‘పాతదే కదా’ అని ఊరుకోకూడదు, మరమ్మతు చేస్తే పేలుతుందా లేదా అన్నదే లెక్క. పేలేదైతే అది 1910 నాటిదైనా లైసెన్సు ఉండాల్సిందే. 2019 సవరణ తర్వాత ఒక మనిషి పేరు మీద రెండింటికి మించి ఉండకూడదు. తాత పోతే వారసులు తమ పేరు మీదికి మార్పించుకోవాలి. నూరేళ్ళు దాటినది 1972 పురావస్తు చట్టం కిందికి వచ్చే వస్తువు కాబట్టి విదేశాల్లో ఉన్న మనవడికి కానుకగా పంపడం కుదరదు. ఎన్నికలప్పుడు చాలామందిని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు. అక్కడ వారాల తరబడి ఎవరూ దాని మొహం చూడరు కనుక, ఇచ్చేముందు గొట్టం లోపల నూనె పట్టించి ఇవ్వడం, తెచ్చుకున్న రోజే ఖాళీగా ఉందని సరిచూసుకుని లోపల టార్చి వేసి చూడటం మంచిది.