పురుగు చచ్చినా దురద చావదు

"వేళ్ల సందుల్లో చిన్న చిన్న పొక్కులు. పగలు ఫర్వాలేదు, రాత్రి పక్కమీదికి చేరితే ఒకటే దురద. డాక్టరు గజ్జి అన్నారు. మందు రాసి వారమైనా దురద పోలేదు. మందు పనిచేయనట్టేనా?" ఒక పాఠకుడి ప్రశ్న ఇది.

చేతుల మీద దురదపొక్కులన్నీ గజ్జి కావు. అరచేతుల్లో, వేళ్ల పక్కల సగ్గుబియ్యం గింజల్లాంటి నీటిపొక్కులు లేస్తే పాంఫోలిక్స్ అనే ఎగ్జిమా కావచ్చు. అది అంటుకోదు. మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ కూడా పొక్కులుండి, ఇంట్లో మరొకరు కూడా గోక్కుంటుంటే ముందు గజ్జినే అనుమానించాలి.

ఇక అసలు విషయం. గజ్జి పురుగుల్లో ఆడది మిల్లీమీటరులో మూడో వంతుంటుంది. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఆ తవ్వకం మనకు తెలియనే తెలియదు! దురద పుట్టేది దాని లాలాజలం, మలం, గుడ్ల పెంకుల మీద మన రోగనిరోధక వ్యవస్థ తిరగబడినప్పుడు. ఇవి పరాయివని మొదటిసారి పసిగట్టడానికి మన ఒంటికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోగా మనిషి హాయిగా తిరుగుతూ నలుగురికీ అంటిస్తుంటాడు. రెండోసారి సోకితే మాత్రం రోజుల్లోనే దురద మొదలవుతుంది. ఒళ్లు పాత పగ మరిచిపోదు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కెన్నెత్ మెలన్‌బీ అనే పరిశోధకుడు గజ్జి ఎలా అంటుకుంటుందో మనుషుల మీదే పరీక్షించాడు. యుద్ధం చేయబోమని భీష్మించిన యువకులు అందుకు ఒప్పుకున్నారు. గజ్జి ఉన్న సైనికులు కప్పుకున్న దుప్పట్లలో వాళ్లను పడుకోబెడితే అంటుకోవడం చాలా అరుదు. ఒంటికి ఒళ్లు ఎక్కువసేపు తగలాల్సిందే. ఒక్కో రోగి మీద ఆడ పురుగులు లెక్కపెడితే సగటున తేలినవి పదకొండే!

అంత తక్కువ కాబట్టే కాబోలు, పండితులకు చిక్కలేదు. 1687లోనే ఇటలీలో బొనోమో, చెస్టోని అనే ఇద్దరు ఈ పురుగును వర్ణించినా వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. 1812లో పారిస్‌లో గాలే అనే ఆయన పురుగు దొరికిందని బొమ్మలు వేసి చూపాడు. తీరా అవి జున్నుకు పట్టే పురుగులు! చివరికి 1834లో రెనూచి అనే కోర్సికా విద్యార్థి, తమ ఊళ్లలో ఆడవాళ్లు చేసినట్టే, సూదిమొనతో అసలు పురుగును పైకి తీసి పారిస్ డాక్టర్ల నోళ్లు మూయించాడు.

పాఠకుడికి జవాబు దొరికినట్టే. మందుతో పురుగు చచ్చినా దాని కళేబరం, మలం చర్మంలోనే ఉంటాయి. పైపొర రాలిపోయేదాకా రోగనిరోధక వ్యవస్థ శాంతించదు. అందుకే మరో రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. ఆ తర్వాత కూడా కొత్త పొక్కులు వస్తుంటే మళ్లీ చూపించుకోవాలి.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిపిన ట్యూబులంటేనే నాకు ఒళ్లు మంట. ఎర్రదనం తగ్గి జబ్బు గుర్తుపట్టరాకుండా పోతుంది, పురుగు మాత్రం గుడ్లు పెడుతూనే ఉంటుంది. సాధారణంగా డాక్టర్లు రాసేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసి, రాత్రంతా ఉంచుకుని పొద్దున కడిగేసుకోవాలి. వారానికి మళ్లీ రాయాలి. పసిపిల్లలకు, గర్భిణులకు ఏది వాడాలో డాక్టరే చెప్పాలి. దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోకపోతే ఆ ట్యూబు కొన్న డబ్బులు దండగ.