గీజరు హఠాత్తుగా చల్లబడినచో

పూర్వము మన యిండ్లలో నీళ్లు కాచుట యనగా నొక పెద్ద పని. తెల్లవారకమునుపే లేచి, పొయ్యిలో కట్టెలు పేర్చి, కాగు నెక్కించి, పొగకు కన్నులు నులుముకొనుచు ఇంటిల్లపాదికిని వేడినీళ్లు తోడవలసి యుండెడిది. నేడు గోడకు తగిలించిన గీజరు ఆ శ్రమను చాలవఱకు తగ్గించినది. కాని కాగు చల్లబడినచో కట్టె యారినదని పసిబిడ్డ యైనను చెప్పగలదు. గీజరు చల్లబడినచో కారణము డొప్పలోపల దాగి యుండును. అందుచే గృహిణులు కొందఱు భయపడి దానిని ముట్టనే ముట్టరు. కొందఱు తెగువతో స్విచ్చి పదిమార్లు వేసి తీయుదురు. ఈ రెండును తగవు. ఏది మనము చూడవచ్చునో, ఏది పనివానికి విడువవలెనో తెలిసికొన్నచో ధనమును మిగులును, ప్రాణమును మిగులును. కావున నీ విషయమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

యంత్రము పనిచేయు తీరు

తీగలో ప్రవహించు విద్యుత్తు ఎంత వేడిని పుట్టించునో 1841లో జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చూపెను. 1906లో ఆల్బర్ట్ మార్ష్ అను అమెరికా దేశస్థుడు నికెలు, క్రోమియములను కలిపిన లోహమునకు పేటెంటు పొందెను. ఎఱ్ఱగా కాలినను త్వరగా చెడని యా లోహపు తీగయే నేటి గీజరునకు ప్రాణము. అది ఒక లోహపు గొట్టములో, విద్యుత్తును సాగనీయని తెల్లని పొడి నడుమ బిగింపబడి యుండును. నీరు తగినంత వేడెక్కగానే థర్మోస్టాటు కరెంటును ఆపును. అది చెడి నీరు మితిమీరి కాగినచో కటౌటు అను మఱియొక కావలివాడు ఆపును.

మొదట చూడవలసినవి

గీజరు దీపము వెలుగకున్నచో ముందు ఇంటిలోని ఇతర దీపములను చూడుడు. మూడు ఫేజుల కనెక్షను గల యిండ్లలో ఒక ఫేజు పోయినచో కొన్ని గదులలో దీపములు వెలుగుచునే యుండును. గీజరు మాత్రము చచ్చి పడియుండును. అట్టియెడ దోషము గీజరుది కాదు.

పిమ్మట ఎం.సి.బి. పెట్టెను చూడుడు. మీట క్రిందికి పడియున్నచో గీజరు స్విచ్చి ఆపి, చేతులు పొడిగా తుడుచుకొని, ఒక్కమారు పైకెత్తవచ్చును. స్విచ్చి వేయగానే మరల పడెనా, ఇక నెత్తరాదు. అది మనలను విసిగించుటకు పడుట లేదు; లోపల నేదియో కాలినదనియో, తీగలు కలిసినవనియో చెప్పుచున్నది.

ప్లగ్గు నల్లబడినదేమో, మాడువాసన వచ్చుచున్నదేమో గమనింపుడు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియరులను, 3000 వాట్లది 13 ఆంపియరులను లాగును. దీపములకును ఫ్యానులకును పెట్టు 6 ఆంపియరుల ప్లగ్గు ఈ బరువును మోయలేదు. 16 ఆంపియరుల ప్లగ్గును, దానికి తగిన లావు తీగయును ఉండవలెను.

దీపము వెలిగినను నీరు కాగకున్నచో

ఇందు తఱచు కనబడు కారణము వోల్టేజి తగ్గుట. వోల్టేజి కొంచెము తగ్గినను వేడి మిక్కిలి తగ్గును. 230 వోల్టులు 180కి దిగినచో 2000 వాట్ల గీజరు సుమారు 1225 వాట్ల పనియే చేయును. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు మామూలుగా 18 నిమిషములు చాలును. అప్పుడు 30 నిమిషములు పట్టును. దీనికి మందు ఓర్పే కాని మరమ్మతు కాదు.

రెండవది, చిన్న గీజరునుండి పెద్దధార కోరుట. 3000 వాట్ల గీజరు నీటిని 15 డిగ్రీలు వేడిచేయుచు నిమిషమునకు మూడు లీటర్లకు మించి ఈయజాలదు. షవరు నిండుగా త్రిప్పిన కొలదిని నీరు చల్లబడును. చలికాలమున కొళాయి కొంచెము బిగించినచో చాలును.

మూడవది గార. బోరునీటితో పప్పు త్వరగా ఉడకదనియు, సబ్బు నురుగు రాదనియు మనము విసుగుకొనుచుందుము. ఆ నీటిలోని సున్నపు లవణములే గీజరు కడ్డీపై తెల్లని గారగా పేరుకొనును. త్రాగునీటి కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలని మన దేశపు ప్రమాణము. మించినను వేఱు నీరు లేనిచోట 600 వఱకు ఒప్పుకొందురు. గార పట్టిన కడ్డీ తన వేడిని నీటికి చక్కగా అందీయలేక తానే మాడి, కడపట పగులును. కాగునప్పుడు బొడబొడ శబ్దము వచ్చుట దీనికి గుఱుతు. కఠినమైన నీరు వాడు ఇండ్లలో ఏటేట తొట్టిని విప్పించి గార తీయించుట యుక్తము. అప్పుడే లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోయినదేమో కూడ చూపించుకొనవలెను. తొట్టికి బదులుగా తాను తుప్పుపట్టి దానిని కాపాడునది అదియే.

కటౌటు పడినచో కొన్ని గీజర్లలో ఎఱ్ఱని చిన్న గుండీ నొక్కి మరల పనిచేయింపవచ్చును. కాని డొప్ప విప్పుట కరెంటు పనివాని పని. అది ఏల పడెనో చూడక నొక్కుట తగదు.

అన్నిటికన్న ముఖ్యము

కొళాయి ముట్టగానే చేయి జిమ్మనినచో, నీళ్లు ఎంత చక్కగా కాగుచున్నను ఆ గీజరును వెంటనే ఆపి పనివానిని పిలువవలెను. కడ్డీ పగిలి విద్యుత్తు నీటిలోనికి దిగుచున్నదన్నమాట. “కొంచెమే కదా” యని యుపేక్షింపరాదు. ఎం.సి.బి. యుండగా భయమేల యని కొంద ఱందురు. 16 ఆంపియరుల ఎం.సి.బి. తీగలను కాపాడును గాని మనిషిని కాపాడదు. మనిషిని చంపుటకు అందులో నూఱవ వంతైనను అక్కఱలేదు. 30 మిల్లీ ఆంపియరుల విద్యుత్తు దారి తప్పగానే తెంచివేయు ఆర్.సి.సి.బి. యొకటి ప్రతి యింటను ఉండవలెను. దానిపై నుండు పరీక్షగుండీని అప్పుడప్పుడు నొక్కి చూడవలెను; నొక్కగానే పడకున్నచో అది ఉండియు లేనట్లే. ఎర్తు తీగ నేలవఱకు సరిగా చేరినదో లేదో పనివానిచేత పరీక్ష చేయింపవలెను.

గీజరు చెడిన దినముననే మఱియొక ముప్పు గలదు. త్వరపడి బకెట్టులో హీటరు కడ్డీ వేయుదుము. కాగినదా యని వ్రేలు ముంచి చూచుదుము. ప్లగ్గు ఊడదీయనిదే ఆ నీటిని తాకరాదు. ఇనుప బకెట్టు వాడరాదు. పిల్లలు తిరుగుచోట దానిని పెట్టరాదు. ఆ పూటకు గ్యాసుపొయ్యిమీద గిన్నెడు నీళ్లు కాచుకొనుట అంతకన్న క్షేమము.

స్నానమునకు ముందే గీజరు ఆపుట ఇంటిలో నందఱకు అలవాటు చేయుడు. తలంటి పోయుచు, చంకలో బిడ్డతో, తడిచేతితో స్విచ్చివైపు పోవునది ప్రాయికముగా ఇల్లాలే. ఇంటివారి సౌఖ్యమునకై యమర్చిన యంత్రము ఆమెకు అపాయకరము కారాదు. ఈ నాలుగు మాటలును ఇంటిలోని పురుషులకును, పెద్దపిల్లలకును, పనిమనిషికిని గూడ చెప్పియుంచవలెనని మా మనవి.