భారతదేశాన్ని గ్రీన్‌లాండ్ పక్కకు జరిపితే

బడి గోడకు వేలాడే ప్రపంచ పటం మెర్కేటర్ పద్ధతిలో గీసినదైతే, అందులో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. 'ద ట్రూ సైజ్' అనే ఉచిత వెబ్‌సైటులో ఈ గుట్టు ఇట్టే బయటపడుతుంది. భారతదేశం ఆకారాన్ని పట్టుకుని ఉత్తరానికి ఈడ్చుకుంటూ పోతే అది ఉబ్బుతూ ఉంటుంది. గ్రీన్‌లాండ్ పక్కకు చేరేసరికి దాన్ని మించిపోతుంది. మన దేశం సుమారు 33 లక్షల చదరపు కిలోమీటర్లు మరి, గ్రీన్‌లాండ్ 22 లక్షల లోపే.

గ్లోబు మీద రేఖాంశాలన్నీ ధ్రువాల దగ్గర కలుస్తాయి. 1569లో గెరార్డస్ మెర్కేటర్ తన పటంలో వాటిని సమాంతరంగా నిలబెట్టాడు. కోణాలు చెడకుండా ఉండేందుకు, అడ్డంగా ఎంత సాగిందో నిలువుగానూ అంతే సాగదీశాడు. దాంతో దిక్సూచి దిశ మార్చకుండా సాగే ప్రయాణం పటం మీద సరళరేఖ అయింది. నావికులకు అంతకన్నా ఏం కావాలి? కానీ 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెట్టింపై, వైశాల్యం నాలుగింతలవుతుంది. ఓడ కోసం గీసినదాన్ని తరగతి గదికి తెచ్చినందువల్ల వచ్చిన చిక్కు ఇది.

అచ్చు పటంలో కాలం కదలదు. గూగుల్ ఎర్త్‌లోని 'టైమ్‌లాప్స్'లో 1984 నుంచి ఏటేటా నేల ఎలా మారిందో కళ్లముందు తిరుగుతుంది. దీనికి ప్రధాన ఆధారం అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు. ఒకప్పుడు ఒక్కో చిత్రానికి వందల డాలర్లు పోయాల్సి వచ్చేది. 2008లో ఆ భాండారాన్ని అందరికీ ఉచితంగా తెరిచారు.

టైమ్‌లాప్స్‌లో కొల్లేరును వెతికితే భూగోళం, పౌరశాస్త్రం రెండూ ఒకే పాఠంలో కలిసిపోతాయి. సరస్సును చేపల చెరువుల గళ్లు కమ్మేయడం కనిపిస్తుంది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట ప్రభుత్వం ఆ చెరువుల గట్లు తెంచింది. తర్వాత ఏమైందో పిల్లలే చూసి చెప్పొచ్చు. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం, అంటే దాదాపు 22 సెంట్ల నేల. ఎకరాల కొద్దీ ఉన్న చెరువు దొరుకుతుంది, ఇల్లు దొరకదు.

గాలి పాఠానికి 'ఎర్త్ నల్‌స్కూల్' ఉంది. కామెరన్ బెకారియో తయారుచేసిన ఈ పటంలో గాలులు గీతలై పారుతుంటాయి. తేదీని వెనక్కి జరిపి 2023 డిసెంబరు 5కు వెళ్తే, బాపట్ల తీరాన్ని తాకిన మిచౌంగ్ తుపాను అపసవ్య దిశలో తిరుగుతూ కనిపిస్తుంది. దక్షిణార్ధగోళంలోని తుపాన్లు సవ్య దిశలో తిరుగుతాయి. ఆ తేడా చూశాక, భూమి తిరగడం వల్ల కలిగే కొరియాలిస్ ప్రభావం గురించి మాట్లాడటం తేలిక.

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే పటాల వెబ్‌సైటు 'భువన్' కూడా 2009 నుంచీ ఉంది. దానిలో బడుల కోసం ప్రత్యేక విభాగమూ ఉంది.

వీటిలో చాలావరకు ఇంగ్లీషులోనే ఉండటం తెలుగు మీడియం పిల్లలకు ఇబ్బందే. 'ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్' కొంత నయం. 2004లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు, ఊరి పేరు తెలుగులోనూ చేర్చవచ్చు. దాని సమాచారంతో నడిచే 'ఆర్గానిక్ మ్యాప్స్' యాప్‌లో ఒకసారి పటం దించుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తుంది. గూగుల్ మ్యాప్స్ చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించడానికి మాత్రం నిబంధనలు ఒప్పుకోవు. ఊరి కుంటనో, రచ్చబండనో చేర్చాలంటే పిల్లలు అక్కడిదాకా నడిచి వెళ్లి చూసి రావాల్సిందే.